యాక్సిడెంట్ స్పాట్‌లో రేడియోధార్మిక పెట్టె ఉంటే ముందు మనిషిని తీయాలా, ఆగాలా?

హైవే_ఈఎంటీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పోయిన నెల జరిగింది ఇంకా నిద్రపోనివ్వడం లేదు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

తెల్లవారుజామున నాలుగున్నరకు కాల్ వచ్చింది. సూర్యాపేట దాటాక ఒక చిన్న వ్యాను డివైడర్‌కు కొట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. డ్రైవర్ కాలు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుంది, మోకాలి కింద నుంచి రక్తం కారుతోంది. స్పృహలోనే ఉన్నాడు. కిట్ పట్టుకుని పరిగెత్తాను. వెనక డోర్ ఊడిపోయి, క్యాబిన్‌కు మూడు మీటర్ల దూరంలో కంకర మీద ఒక అట్టపెట్టె పడి ఉంది. ఒక మూల నొక్కుకుపోయింది. టార్చి వేసి చూస్తే వజ్రం ఆకారంలో లేబుల్. పై సగం పసుపు, కింద సగం తెలుపు, మూడు రెక్కల గుర్తు, రెండు ఎర్ర గీతలు. ఐ-131, 3.7 జీబీక్యూ అని రాసి ఉంది. చిన్న గడిలో 0.6 అని ఉంది.

మా పైలట్, అంటే అంబులెన్స్ డ్రైవర్, "అన్నా, పోవద్దు, రేడియేషన్" అని భుజం పట్టి వెనక్కి లాగాడు. ఆగిపోయాను. పోలీసులు వచ్చేదాకా 11 నిమిషాలు దూరంగానే నిలబడ్డాం. డ్రైవర్ మమ్మల్నే చూస్తూ సీటు వెనకున్న ప్లాస్టిక్ కవర్ వైపు చెయ్యి చూపిస్తున్నాడు. "పేపర్లున్నాయి సార్, చూడండి సార్" అంటూనే ఉన్నాడు. ఆ గొంతు సన్నబడిపోతుంటే ఇక ఆగలేక వెళ్లి కట్టు బిగించాను. అందరం కలిసి సీటు వెనక్కి జరిపి బయటికి తీశాం. ఇంటికెళ్లాక మా పాపను ఎత్తుకోవాలంటే భయమేసింది.

ఆ 11 నిమిషాలు ఆగడం కరెక్టేనా? ఆ 0.6 అంటే ఏంటి?

ఆర్‌ఎస్‌ఓ_అక్క:

తమ్ముడూ, నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని. ఇలాంటి పెట్టెలు వారానికి రెండు మూడు నా చేతుల మీదుగానే లోపలికి వస్తాయి. ముందు సూటిగా చెప్తాను. ఆగనక్కర్లేదు. ప్రాణం కాపాడటం, మంట ఆర్పడం ముందు, రేడియేషన్ కొలవడం తర్వాత. ఏ దేశం రూల్ బుక్ తీసినా ఇదే ఉంటుంది. ఇది నీకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదంటే తప్పు నీది కాదు.

ఆ 0.6ను ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అంటారు. దాన్ని 10తో గుణించు. పెట్టెకు మీటరు దూరంలో గంటకు 6 మైక్రోసీవర్టులు అని అర్థం. మైక్రోసీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్ డోస్‌ను కొలిచే యూనిట్. దూరం మూడింతలైతే డోస్ తొమ్మిదో వంతుకు పడిపోతుంది, అంటే డ్రైవర్ దగ్గర గంటకు ఒక్క మైక్రోసీవర్టు కూడా లేదు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కటి తీస్తే దాదాపు 20.

ఐ-131 అంటే అయోడిన్-131, థైరాయిడ్ పేషెంట్లకు ఇచ్చే రేడియోధార్మిక మందు. 3.7 జీబీక్యూ (గిగాబెకరెల్) అనేది అందులోని రేడియోధార్మికత ఎంతో చెప్పే అంకె. గాజు సీసా, దాని చుట్టూ రేడియేషన్‌ను ఆపే లెడ్ పాట్ (సీసపు డబ్బా), ఆపైన థర్మోకోల్, అట్టపెట్టె. ఈ టైప్-ఏ ప్యాకేజీని 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడేసి, నీళ్లు చల్లి, బరువు పేర్చి, 6 కిలోల కడ్డీని మీద వదిలి పరీక్షిస్తారు. సరే, లెడ్ పాట్ పూర్తిగా ఊడిపోయిందనే అనుకుందాం. అప్పుడు కూడా మూడు మీటర్ల దగ్గర పది నిమిషాలుంటే సుమారు 4 మైక్రోసీవర్టులు. ఈ లెక్క నువ్వు గుర్తుపెట్టుకోవాలి, మీ పైలట్‌కు కూడా చెప్పాలి.

సీసా పగిలితే వేరే జాగ్రత్త కావాలి, అయోడిన్ ఆవిరవుతుంది. గ్లవ్స్, మాస్క్ వేసుకో, గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపు నుంచే వెళ్లు, అక్కడ నీళ్లు కూడా తాగకు. పెట్టెను ముట్టుకోవద్దు, తడిసిన చోటును కడగొద్దు. పేషెంట్ పై బట్టలు తీసి కవర్లో కట్టేస్తే ఒంటి మీది కాలుష్యం చాలావరకు పోతుంది. తర్వాత దుప్పటి చుట్టి ఎక్కించు, ఆసుపత్రికి ముందే ఫోన్ చెయ్యి. మనిషిని తీశాక జనాన్ని 30 మీటర్ల అవతలికి పంపండి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పే దూరం అదే. మంటలుంటే 300 మీటర్లు.

డ్రైవర్ చూపించిన కవర్లో ఉండేది ట్రెమ్‌కార్డ్. ఏం తీసుకెళ్తున్నారు, ప్రమాదమైతే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. నొప్పిలో కూడా అతను తన డ్యూటీ చేశాడు.

గామా_కెమెరా:

అక్క చెప్పింది నిజం. కానీ బ్రదర్, అన్ని పెట్టెలూ ఒకటి కావు. నేను పైపులైన్ వెల్డింగుల రేడియోగ్రఫీ చేస్తాను, అంటే గామా కిరణాలతో అతుకులకు ఎక్స్‌రేలాంటిది తీస్తాను. మా కెమెరాలో ఇరిడియం-192 అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, దాన్నే సోర్స్ అంటాం. కెమెరా లాక్ పడి, బాడీ బాగుంటే భయం లేదు. కానీ లోపలి సోర్స్ బయట పడితే అది చిన్న స్టీలు తీగ ముక్కలా కనిపిస్తుంది. 50 క్యూరీల (క్యూరీ కూడా రేడియోధార్మికత కొలతే) సోర్స్ అయితే మీటరు దూరంలో గంటకు 200 మిల్లీసీవర్టుల పైనే. మిల్లీ అంటున్నాను, మైక్రో కాదు, దానికి వెయ్యి రెట్లు. 1999లో పెరూలోని యానాంగోలో ఒక వెల్డర్ అలాంటిది దొరికితే ప్యాంటు జేబులో వేసుకున్నాడు. కాలు తీసేయాల్సి వచ్చింది.

అందుకే పెట్టె పగిలి మెరిసే లోహపు ముక్క కనిపిస్తే చేత్తో గానీ పటకారుతో గానీ ఎత్తొద్దు, ఎవర్నీ ఎత్తనివ్వొద్దు. అప్పుడు కూడా మనిషిని వదిలేయమని కాదు. లాగేసి, త్వరగా దూరం జరగాలి. ముంబైలో అణుశక్తి శాఖ ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్ 24 గంటలూ పనిచేస్తుంది. మీ జిల్లా కంట్రోల్ రూమ్‌లో ఆ నంబర్ ఉందో లేదో రేపే కనుక్కో. నేను మా జిల్లాలో అడిగితే వెతకడానికే అరగంట పట్టింది, నాకు చాలా కోపం వచ్చింది.

హైవే_ఈఎంటీ:

అక్కా, అన్నా, ఇద్దరికీ దండాలు. ఆ రోజు ఎనిమిదింటికి రేడియేషన్ మీటర్ పట్టుకుని ఒకాయన వచ్చారు. నా బూట్లు, గ్లవ్స్, స్ట్రెచర్ అన్నీ చూసి మామూలుగానే ఉందన్నారు. పెట్టె విప్పితే లెడ్ పాట్ మూత కూడా కదల్లేదు. అప్పుడు విన్నా బుర్రకెక్కలేదు, అక్క లెక్క చదివాక ఎక్కింది. ఇందాకే పాపను ఎత్తుకున్నాను.

లేబుల్ బొమ్మ గీసి, పక్కన 10తో గుణించాలని రాసి మా బండిలో ఆక్సిజన్ సిలిండర్ పైన అంటించాను. డ్రైవర్ కాలికి రాడ్ వేశారు, ఇంకా వార్డులోనే ఉన్నాడట. ఆదివారం వెళ్తున్నాను. ఆ కవర్ ఎందుకు చూడలేదో అతనికి నేనే చెప్పాలి.