మోనాలిసాది ఏ నవ్వు?

నమస్కారమండి. పిల్లల కోసం బొమ్మల గురించి చిన్న పుస్తకం రాస్తూ మోనాలిసా దగ్గర ఆగిపోయాను. ఆ బొమ్మ వేసిన లియొనార్డో పద్ధతిని ‘స్ఫుమాటో’ అంటారు. ఇటాలియన్‌లో ‘ఫూమో’ అంటే పొగ కదా అని ‘పొగచూరిన పద్ధతి’ అని రాస్తే, మా ఆవిడ ‘మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొస్తోంది’ అంది. ఇంకో చిక్కు: ఆ నవ్వు చిరునవ్వా, ముసిముసి నవ్వా?

— మీ ఆవిడే రైటు. పొగచూరడం అంటే మసి పట్టడం. 1503 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆ బొమ్మలో పెదవి కొసల్లో, కంటి కొసల్లో గీత అన్నదే కనబడదు. నూనె రంగును పలచటి పూతలుగా, పొర మీద పొర వేసి, వెలుగు ఎక్కడ నీడలోకి జారిందో తెలియనివ్వలేదు. మనిషి నవ్విందీ లేనిదీ తెలిసేది ఆ కొసల్లోనే. అక్కడే ఆయన తేల్చకుండా వదిలేశాడు. కళ్లవైపు చూస్తుంటే నవ్వుతున్నట్టే ఉంటుంది, నేరుగా పెదవుల మీద చూపు పెడితే నవ్వు జారుకుంటుంది. మనం మెచ్చుకునే బాపు బొమ్మకు గీతే ప్రాణం. ఇక్కడ గీతే లేదు. నన్నడిగితే ‘మసక అంచులు’.

— మసక అంటే కంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టుందండీ! ‘కరిగిన అంచులు’ నయం. ఇక ముసిముసి నవ్వంటే లోపల ఏదో పెట్టుకుని, పైకి రాకుండా ఆపుకునేది. అందులో కాస్త దొంగతనం ఉంటుంది. ఈవిడ దేన్నీ ఆపుకుంటున్నట్టు లేదు. నాట్యశాస్త్రం చెప్పిన ఆరు రకాల నవ్వుల్లో మొదటిది స్మితం: పళ్లు కనబడవు, చెంపలు కొద్దిగా విచ్చుకుంటాయి. అచ్చంగా ఇదే.

— లక్షణం సరిపోయింది గానీ, పిల్లల పుస్తకంలో స్మితమేంటి సార్! ఆవిడ భర్త ఇంటిపేరు జొకొండో. ఆ మాటకు ‘ఉల్లాసంగా ఉండేవాడు’ అని అర్థం. ఇటలీవాళ్లు ఈ బొమ్మను ‘లా జొకొండా’ అనే అంటారు. వాళ్లే ఇంటిపేరుతో సరిపెట్టుకున్నారు, మనకు చిరునవ్వు చాలదా? ‘చిరు’ అంటే ఎంతో చెప్పదు, అదే దాని అందం.

— చిరునవ్వు ఖాయం చేశానండీ. ‘కరిగిన అంచులు’ మాత్రం మా అమ్మాయికి చదివి వినిపిస్తే, ‘అంచు కరిగితే చీర పాడైపోదా?’ అంటోంది. అంచుకు ఇంకో మాట చెప్పండి.