ఎర్రమట్టి దిబ్బల వయసు: ఓఎస్‌ఎల్ లెక్కను ఎంతవరకు నమ్మాలి?

భీమిలి_దారి:
విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బల గురించి రాసిన ప్రతివారూ ఒక్కో వయసు చెబుతారు. ఓఎస్‌ఎల్ (రేణువు మీద కాంతి వేసి, అది వెదజల్లే మెరుపును కొలిచి వయసు తేల్చే) పరీక్షే ప్రమాణమని కొందరి వాదన. ఆ ఇసుక తూర్పు కనుమల ఖొండలైట్ అనే రాయి అరిగి వచ్చింది కదా, రాయి కోట్ల ఏళ్ల నాటిది. అలాంటి రేణువు మెరుపు చూసి దిబ్బ వయసు ఎలా చెబుతారు?

గార్నెట్:
రాయి పుట్టుకతో దానికి పని లేదండీ. రేణువు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో, అదే లెక్క. పూడిపోయిన క్వార్ట్జ్ రేణువు మీద చుట్టుపక్కల యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్, కొంత విశ్వకిరణాలు పడుతూనే ఉంటాయి. దానికి కదిలిన ఎలక్ట్రాన్లు స్ఫటిక లోపాల్లో చిక్కుకుంటాయి. ఎండ బాగా తగిలితే ఆ లోపాలు కొద్దిసేపట్లోనే ఖాళీ అవుతాయి. అందుకే నమూనాను ఇనుప గొట్టంతో, వెలుతురు సోకకుండా తీస్తారు. ప్రయోగశాలలో నీలి కాంతి వేసి, వెలువడిన కాంతిని బట్టి రేణువు మీద పడిన మొత్తం రేడియేషన్ మోతాదు తేల్చి, ఏడాది మోతాదుతో భాగిస్తారు. 1985లో హంట్లీ బృందం చూపిన దారి ఇది. గాలి మోసుకొచ్చిన ఇసుకకు ఇంతకంటే తగిన పద్ధతి నాకు కనిపించదు. రేడియోకార్బన్‌కు బొగ్గో గుల్లో కావాలి, అదీ 50,000 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది.

నల్ల_ఇసుక:
మాస్టారూ, పాఠం బాగుంది. మన తీరం మాట చెప్పండి. ఇక్కడి ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది. అది ఒక పొరలో ఎక్కువ, పక్క పొరలో తక్కువ. క్వార్ట్జ్ సుమారు 200 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) దగ్గర ఇక ఎలక్ట్రాన్లు పట్టనంతగా నిండిపోతుందనుకుందాం. ఏడాదికి 1 మిల్లీగ్రే పడితే 2 లక్షల ఏళ్లు కొలవవచ్చు, 4 పడితే 50,000కే సరి! పైగా తడి నేల కొంత రేడియేషన్‌ను మింగేస్తుంది. వేల ఏళ్ల సగటు తడిని ఎవరు కొలిచారు?

గార్నెట్:
తడి విషయం ఊహే, కాదనను. నిండిపోయిన అడుగు పొరకు వచ్చిన సంఖ్యను ‘కనీసం ఇంత’ అనే చదవాలి. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజంతో ఇంకా వెనక్కి వెళ్లవచ్చు, కానీ దాని సంకేతం కాలంతో కారిపోతుంది, సవరణ తప్పదు. ఎరుపు సంగతి వేరు. ఇనుమున్న ఖనిజాలు కుళ్లి తర్వాత పట్టిన రంగు అది, ఓఎస్‌ఎల్ దాని తేదీ చెప్పదు.

భీమిలి_దారి:
అయితే ఏ పొర, ఎంత లోతు, ఏడాది మోతాదు ఎంత అనేవి లేకుండా ఒకే సంఖ్య వేసే వార్తలను ఇకపై ఇక్కడ పెట్టకండి.