ఏరియేటర్లకి సోలార్, బ్యాటరీ ఎంత పెట్టాలి?

వనామి_భీమవరం:
భీమవరం దగ్గర రొయ్యల చెరువండి. నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే 2 హెచ్‌పీ ఏరియేటర్లు 6, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా తిరుగుతాయి. త్రీఫేజ్ కనెక్షనూ, డీజిల్ జనరేటరూ ఉన్నాయి. రాత్రంతా బ్యాటరీ మీదే నడపాలంటే ఏ సైజు కావాలి?

గట్టుమీద_లెక్క:
12 హెచ్‌పీ అంటే 9 కిలోవాట్లు, మోటార్ల నష్టం కలిపితే లాగేది 11. ఎనిమిది గంటలకి 88 యూనిట్లు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలో 90 శాతం వరకే వాడాలి, ఇన్వర్టర్లో ఇంకో 7 శాతం పోతుంది, అంటే 105 యూనిట్ల బ్యాంకు. దాన్ని నింపడానికి రోజుకి 100 యూనిట్లు. ప్యానెల్ కిలోవాటుకి రోజుకి 4 యూనిట్ల చొప్పున 25 కిలోవాట్ల ప్యానెళ్లు, ఆరు సెంట్ల జాగా.

అయితే ఆ 4 ఏడాది సగటండి. ముసురు పట్టిన రోజు 2 కూడా రావు. అదే రోజు ఎండ లేక చెరువు పచ్చనీటిలోని సూక్ష్మ నాచు చేసే ఆక్సిజనూ తగ్గి, తెల్లారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది. ఏరియేటర్లు ఎక్కువ గంటలు తిప్పాలి. సగటుతో వేసిన సైజు సరిగ్గా అవసరం పడ్డ రాత్రే చాలదు. దానికోసం ప్యానెళ్లు రెట్టింపు చేస్తే మిగతా ఏడాదంతా దండగ.

కాబట్టి రాత్రి లైను కరెంటు మీదే నడిపి, అది పోయినప్పుడు రెండు గంటలు ఆదుకునేలా 30 యూనిట్ల బ్యాటరీ చాలు. రెండు గంటలు దాటితే జనరేటరు చూసుకుంటుంది, దాన్ని అమ్మేయకండి.

స్టార్టరు_బాబాయ్:
ఒకటి మర్చిపోయారండీ. లైనుకి కలిపి నడిచే మామూలు గ్రిడ్ టై ఇన్వర్టరు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, అప్పుడూ బ్యాటరీతో నడిచే హైబ్రిడ్‌దే తీసుకోవాలి. డైరెక్టు స్టార్టర్లో మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి ఆరు రెట్లు లాగుతుంది, అంటే ఒక్కోటి 14 కేవీఏ (ఇన్వర్టరు సామర్థ్యాన్ని కొలిచే లెక్క) దాకా. ఆరూ ఒకేసారి లేస్తే ఇన్వర్టరు ట్రిప్పే. టైమర్లు పెట్టి పది సెకన్ల తేడాతో లేపండి. అప్పుడు కూడా చివరి మోటారు లేచేటప్పుడు ఇన్వర్టరు 25 కేవీఏ తట్టుకోవాలి. మోటారుని మెల్లగా వేగం పెంచుతూ లేపే వీఎఫ్‌డీలు పెడితే 15 కేవీఏ చాలు. ప్యానెళ్ల స్టాండ్లు హాట్ డిప్ గాల్వనైజ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన)వే, ఉప్పుగాలికి పెయింటు ఆగదు.

వనామి_భీమవరం:
సరేనండి, 30 యూనిట్లకే చూస్తాను. మరి ప్యానెళ్లు?

గట్టుమీద_లెక్క:
ముందు బిల్లు తీసి చూడండి. ఆక్వా (చేపలు, రొయ్యల చెరువుల) రాయితీ కరెంటు ధర పడుతుంటే ప్యానెళ్ల ఖర్చు తిరిగి రావడం కష్టం. బ్యాటరీని మధ్యాహ్నం లైను మీదే నింపేయండి. రాయితీ లేకపోతే 8 కిలోవాట్ల ప్యానెళ్లతో మొదలెట్టండి.