పామాయిల్ టిన్నుకు ఏ సుంకం లెక్కేయాలి?

తిరుపతిలో మురుకులు, చెక్కలు చేసి కొట్లకు వేస్తుంటాం. 2025 మే 30న ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గింది. సెస్సు, సర్‌ఛార్జీ కలిపితే 16.5 శాతం. శుద్ధి చేసిన నూనెకు మాత్రం 35.75 అలాగే ఉంచారు, మన రిఫైనరీలకు పని దొరకాలని. మా డీలరేమో ఆ 35.75నే చూపించి టిన్ను రేటు దించడం లేదు. పదిహేను రోజులకోసారి కేంద్రం ప్రకటించే టారిఫ్ విలువ (సుంకం లెక్కేయడానికి ఆధారంగా తీసుకునే ధర) మీద రెండు రకాలుగానూ లెక్కేశాను, ఆయన రేటు దేనికీ కుదరలేదు. బిల్లులో జీఎస్టీ 5 శాతం తప్ప ఇంకేం కనపడదు. కంపెనీకి ఫోన్ చేస్తే డీలర్నే అడగమన్నారు (ఇదో వరస!). టిన్ను మీద పామోలిన్ (పామాయిల్ నుంచి వేరుచేసిన పలచని నూనె), 15 కిలోలు, ప్యాకింగ్ కృష్ణపట్నం అని మాత్రం ఉంది. ఆ నూనె ముడిసరుకుగా దిగి ఇక్కడ శుద్ధయిందో, శుద్ధి చేసిన పామోలిన్‌గానే దిగిందో కొనేవాడు ఎలా తెలుసుకోవాలి?