తుపాకీ మీద ఇష్టం ఎక్కడ పుడుతుంది? పాపను షూటింగ్‌లో చేర్చాలా, వద్దా?

పెన్నాతీరం (అనంతపురం):
మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే గొడవ. పాప తొమ్మిదో తరగతి, స్కూల్లో ఎన్‌సీసీ. మొన్న క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చి ఐదు రౌండ్లు కాల్పించినారంట. ఐదూ ఒక అగ్గిపెట్టె కింద దాగేంత దగ్గరగా పడినాయని హవల్దార్ సార్ మెచ్చుకున్నాడంట. ఇంటికి వచ్చినప్పటి నుంచి "నాన్నా, ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటా" అని అదే పాట. నా భార్య సరే అంది. మా అమ్మ మాత్రం రెండు పూటలు అన్నం ముట్టలేదు.

కారణం ఉంది. మాది తాడిపత్రి వైపు పల్లె. నేను రెండో తరగతిలో ఉండగా మా చిన్నాయన ఊరి కక్షల్లో పోయినాడు. ఆ తర్వాత మా నాన్న లైసెన్స్ తీసుకొని డబుల్ బ్యారెల్ కొన్నాడు. పడకగది గోడకు రెండు మేకులు, వాటి మీద అది. నాన్న ఊళ్లో లేనప్పుడు మంచం ఎక్కి దాని గొట్టం దగ్గర ముక్కు పెట్టేవాణ్ణి. పైన నూనె వాసన, లోపల ఎక్కడో తడి ఇనుము వాసన. నాన్న దాన్ని పేల్చగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన పోయాక స్టేషన్‌లో అప్పజెప్పేసినాం. ఆ మేకులు మాత్రం ఇంకా ఉన్నాయి, క్యాలెండర్ తగిలించుకున్నాం.

నాకు తుపాకీ మీద మోజు ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. భయంతో పుట్టింది. పాపకూ అదేనా, లేక దానిది వేరేనా? మీకు మొదట ఎట్లా మొదలైందో చెప్పండి. "మంచిదే, చేర్చండి" అని ఒక్క ముక్క రాసి పోవద్దు.

గుంతకల్ జంక్షన్:
మంచిదే, చేర్చండి.

గుంతకల్ జంక్షన్:
సరదాకన్నాలే అన్నా, కోప్పడొద్దు. పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే మా రైల్వే మనిషే, కాబట్టి నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు. నాకు మొదలైంది తిరుణాల్లో, బెలూన్ల కొట్టు దగ్గర. కసాపురం పోతే దేవుడి దర్శనం తర్వాత, ముందు బెలూన్లు. మూడేళ్లు డబ్బులు తగలేసినాక తెలిసింది, ఆ తుపాకీ గొట్టమే వంకర అని. ఎడమ పక్క పసుపు బెలూన్ మీద గురిపెడితే కుడి పక్క ఎర్రది పగిలేది. కొట్టువాడు ఏమీ ఎరగనట్టు బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు.

సజ్జరొట్టె (జమ్మలమడుగు దగ్గర):
నేను వద్దనే అంటాను.

మా ఊళ్లో పిల్లకాయల ఆట ఒకటి చెప్తా వినండి. ఒకడు నాయకుడు, మిగతావాళ్లు గన్‌మెన్లు. నాయకుడి వేషానికి ఎవడూ ముందుకొచ్చేవాడు కాదు. అందరికీ గన్‌మెన్ వేషమే కావాలి. కందికట్టె భుజానికి తగిలించుకొని, జీపు దిగినట్టు దిగి, అటూ ఇటూ చూడాలి. ఆ చూపే మాకు ఇష్టం. నిజంగా జీపు ఊళ్లోకి వచ్చినప్పుడు మేం చూసేది లోపలి మనిషిని కాదు, వెనక సీట్లోంచి బయటికి కనిపించే గొట్టాన్ని.

బయటివాళ్లు సినిమాలు చూసి ఏదో అనుకుంటారు గానీ మా వైపు కొట్టుకున్నది ఎక్కువగా వేటకొడవళ్లతో, నాటు బాంబులతో. తుపాకీ చూపించుకోవడానికి. మిద్దె మీద సంక్రాంతి రోజు గాల్లోకి పేల్చినా, దసరాకు కుంకుమ పెట్టి పూజ చేసినా దాని మాట ఒకటే: నా దగ్గర ఉంది, నీ దగ్గర లేదు. ఆ ఇష్టం తిరుణాల్లో మొదలైనా, ఎన్‌సీసీలో మొదలైనా, కొసకు అక్కడికే పోతుంది. మీ అమ్మకు తెలిసింది మనకెవరికీ తెలీదు పెన్నాతీరం అన్నా.

హంద్రీ (కర్నూలు):
సజ్జరొట్టె అన్నా, మీ మాటల్లోనే జవాబు ఉంది కదా. మనుషుల్ని చంపింది కొడవలి అయితే నింద తుపాకీ మీద ఎందుకు? కొడవలి ప్రతి ఇంట్లో ఉంది, దాని మీద ఎవరూ థ్రెడ్ పెట్టరు.

సజ్జరొట్టె:
పోయినది ఆయన చిన్నాయన. ఆ ఇంటి గడపలో నిలబడి లాజిక్ మాట్లాడొద్దు తమ్ముడూ.

హంద్రీ:
తప్పే అన్నా. పెన్నాతీరం అన్నా, ఏమనుకోవద్దు.

నా సంగతి చెప్తా. నాకు మొదలైంది ఫోన్‌లో. ఇంటర్‌లో రాత్రి రెండింటిదాకా పబ్జీ. 2020 సెప్టెంబర్‌లో దాన్ని బ్యాన్ చేసిన రోజు మా హాస్టల్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాం. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక ఒక కొలీగ్ షూటింగ్ రేంజ్‌కు తీసుకుపోయాడు. గేమ్‌లో కిలోమీటరు దూరం నుంచి తలకాయలు కొట్టినవాణ్ణి, పది మీటర్లు ఏం లెక్క అనుకున్నా. రైఫిల్ చేతికిచ్చారు, నాలుగు కిలోల పైనే ఉంది. ఎత్తి పట్టుకుని నిలబడితే చెయ్యి కాదు, కడుపు వణుకుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా గురి చూసే సైట్ చుక్క మీంచి తప్పుకుంటుంది. మొదటి పది గుళ్లలో మూడు కాగితానికే తగల్లేదు. అక్కడ పన్నెండేళ్ల పిల్ల ఒకతి నా పక్క లేన్‌లో ఊపిరి సగం వదిలి, ఆపి, కాల్చి, మళ్లీ దించి, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుతోంది. ఫోన్‌లో వచ్చిన ఇష్టం ఆ రోజుతో పోయింది. ఇంకోటి పట్టుకుంది. రెండూ ఒకటే అని మాత్రం అనొద్దు.

చట్టం సంగతి కూడా చెప్తా, ఇక్కడ చాలామందికి అపోహలున్నాయి. 2016 ఆయుధ నియమాల ప్రకారం పాయింట్ వన్ సెవెన్ సెవెన్ బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. కొనేటప్పుడు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అలాగని దాంతో కొంగల్ని కొడతామంటే 1972 వన్యప్రాణి చట్టం ఉంది, జైలు కూడా పడొచ్చు.

మోడరేటర్:
నాటు తుపాకీ ఎక్కడ దొరుకుతుందని అడిగిన పోస్టు తీసేశాం. అడిగినవారి అకౌంట్ కూడా పోయింది. చర్చ కొనసాగించండి.

బురుజు నీడ (కర్నూలు, టీచర్):
నాది కాస్త పొడుగు కథ, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

డిగ్రీలో ఎన్‌సీసీ చేశాను. ఫైరింగ్ రోజు ముప్పై మంది అమ్మాయిలం, మనిషికి ఐదు రౌండ్లు. నేల మీద దరీ పరిచి బోర్లా పడుకోవాలి. మోచేతుల కింద గులకరాళ్లు. రైఫిల్ వెనక కొసను, అంటే బట్‌ను, భుజం గుంటలోకి గట్టిగా లాక్కోమని చెప్తారు, మనం భయపడి వదులుగా పెడతాం, అప్పుడు తంతుంది. పాయింట్ టూ టూ పెద్దగా తన్నదు గానీ, మొదటిసారి కదా, శబ్దానికే కళ్లు మూసుకున్నా. రెండో రౌండుకు తెరిచి ఉంచా. మూడోదానికి శబ్దం వినపడలేదు. నిజంగా వినపడలేదు. ముందు సైట్ కొస, దాని మీద నల్ల చుక్క, అంతే ఉంది లోకంలో. ఇంట్లో రోజూ అమ్మానాన్నల గొడవల మధ్య పెరిగిన పిల్లని. అంత నిశ్శబ్దం నాకు అంతకుముందు తెలీదు.

ఐదూ అయ్యాక ఖాళీ తూటా ఒకటి, మేం ఖోకా అనేవాళ్లం, వేడిగా అరచేతిలోకి తీసుకుని మేజోడులో దాచేశాను. ఎందుకంటే చెప్పలేను. ఖోకాలన్నీ లెక్క అప్పజెప్పాలని నాకు తెలీదు. నూట యాభై రావాల్సింది, నూట నలభై తొమ్మిది వచ్చాయి. ముప్పై మందినీ ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఇసుక జల్లెడ పట్టించారు. గంటన్నర. ఎవరూ నీళ్లు అడగలేదు. చివరికి నేనే వేళ్ల సందులోంచి ఇసుకలోకి జార్చి "సార్, దొరికింది" అన్నాను. అందరూ నాకు చప్పట్లు కొట్టారు! ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ పేరు లేదు కాబట్టి చెప్తున్నా.

సజ్జరొట్టె గారూ, మీరు చెప్పిన ఇష్టం ఉంది, కాదనను. కానీ నాకు దొరికింది అది కాదు. మా అవ్వ జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పేది. చిలకల గుంపు దిగగానే రాయి పెట్టి, తల మీద రెండు తిప్పులు తిప్పి, ఒక కొస వదిలేది. రాయి చిలకకు తగిలితే పాపం, కంకికి తగిలితే నష్టం. రెండింటి మధ్య ఖాళీలోంచి పోవాలి. ఒక్కనాడు కూడా పిట్ట చచ్చింది లేదు. తగలకుండా వేయడానికి ఎంత గురి కావాలో ఆలోచించండి. ఆమె తుపాకీ ముట్టుకున్న మనిషి కాదు. ఆ దరీ మీద పడుకున్నప్పుడు నాకు మా అవ్వే గుర్తొచ్చింది.

సజ్జరొట్టె:
మేడం, కథ బాగుంది. అయితే వడిసెలే నేర్పించొచ్చు కదా పాపకు? రైఫిల్ ఎందుకు?

గుంతకల్ జంక్షన్:
వడిసెలకు ఒలింపిక్స్ లేదన్నా.

పన్నెండు బోరు (కడప):
నేను ఆర్మీలో పదిహేడేళ్లు చేసి ఇప్పుడు ఒక బ్యాంకు గేటు దగ్గర నిలబడుతున్నా. నా పేరు చూసి నవ్వుకోండి, నా చేతిలో ఉండేది ఆ పన్నెండు బోరు తుపాకే.

మా ఊరి నుంచి నాతోపాటు తొమ్మిది మంది భర్తీ అయినాం. తుపాకీ మీద ఇష్టంతో పోయినవాడు ఒక్కడూ లేడు. వానల్లేక పోయినాం. వేరుశనగ వరసగా మూడేళ్లు ఎండిపోతే నాలుగో ఏడు పిల్లోడు మైదానంలో పరుగెత్తుతాడు, అంతే కథ. ట్రైనింగ్‌లో ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ మొదటి రౌండుకే భుజం నల్లగా కమిలింది. తర్వాత తెలిసింది ఏంటంటే, కాల్చేది ఐదు నిమిషాలు, తుడిచేది గంట. పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగడం, ఉస్తాద్ వెలుతురుకు పెట్టి చూడటం, మళ్లీ లాగమనడం. ఇష్టం అనేది ఏదైనా ఉంటే ఆ తుడవడంలో పుట్టింది నాకు. ఎద్దును కడిగినట్టు.

ఇప్పుడైతే బరువు తప్ప ఏమీ లేదు. రెన్యూవల్ కోసం తిరగాలి. ఎలక్షన్ కోడ్ వస్తే తుపాకులన్నీ స్టేషన్‌లో పెట్టమంటారు, నాది బ్యాంకు డ్యూటీ సార్ అని మినహాయింపు కాగితం కోసం మళ్లీ తిరగాలి. పెన్నాతీరం సార్, మీ నాన్నగారు దాన్ని ఎందుకు పేల్చలేదో నాకు అర్థమైంది. పేల్చాల్సిన అవసరం రాకూడదనే కొన్నారు. ఇంట్లో అది ఉంటే నిద్ర పట్టదు సార్, లేకపోతే అసలే పట్టదు.

పాప సంగతి. ఆ పిల్ల మళ్లీ కాల్చాలంటోందా, లేక మళ్లీ గ్రూపింగ్, అంటే గుళ్లన్నీ ఒకేచోట పడేట్టు చేయాలంటోందా కనుక్కోండి. శబ్దం గురించి మాట్లాడితే ఆపండి. అగ్గిపెట్టె గురించి మాట్లాడితే చేర్చండి. ఇంకో పని, మాకు ట్రైనింగ్‌లో చేయించేవాళ్లు: ఖాళీ రైఫిల్ గొట్టం కొసన రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కాలి. బిళ్ల పడకూడదు. ఇట్లా రోజుకు వంద సార్లు. ఇది విసుగు లేకుండా చేసే పిల్ల అయితే ఆమెను ఎవరూ ఆపలేరు.

సజ్జరొట్టె:
సుబేదార్ సార్ మాటకు ఎదురు చెప్పను.
ఇంకో విషయం, ఇది డబ్బున్నోళ్ల ఆట. షూటర్ అభినవ్ బింద్రాకు ఇంట్లోనే రేంజ్ కట్టించినారు, 2008 ఒలింపిక్స్‌లో బంగారు పతకం వచ్చింది. మన అనంతపురం పిల్లకు ఎవరు కట్టిస్తారు?

పన్నెండు బోరు:
సుబేదార్ కాదు సార్, నాయక్‌గా దిగినా.

హంద్రీ:
డబ్బు విషయంలో సజ్జరొట్టె అన్న చెప్పింది నిజమే. పోటీలకు పనికొచ్చే జర్మనీ రైఫిల్ రెండు మూడు లక్షల మాట. జాకెట్, ప్యాంటు, బూట్లు వేరే. గుళ్లు రోజూ ఖర్చు. కానీ మొదటి ఏడాది ఇవేవీ కొనక్కర్లేదు, రేంజ్ రైఫిల్ వాడుకోవచ్చు. మన దగ్గరి సమస్య దూరం. మంచి కోచింగ్ కావాలంటే బెంగళూరో హైదరాబాదో. అనంతపురానికి బెంగళూరు దగ్గర, అంతవరకు అదృష్టం.

వయసు గురించి టెన్షన్ పడొద్దు. మను భాకర్ టెన్నిస్, స్కేటింగ్, బాక్సింగ్ అన్నీ తిరిగి పద్నాలుగేళ్లకు షూటింగ్‌కు వచ్చింది. పారిస్‌లో రెండు కాంస్యాలు. ఆ అమ్మాయి మొదట ఎందుకు ఇష్టపడిందో ఇప్పుడు ఎవరికి కావాలి?

బురుజు నీడ:
నాకు కావాలి. మొదటి కారణం ఎక్కడికీ పోదు బాబూ. ఓడిపోయిన రోజు బయటికొస్తుంది.

పెన్నాతీరం:
అందరికీ థాంక్స్. నిన్న జరిగింది చెప్తా.

పన్నెండు బోరు సార్ చెప్పినట్టు పాపను అడిగినా, ఏం నచ్చింది అని. శబ్దం మాట ఎత్తలేదు. "ఐదోది కొంచెం కుడికి పోయింది నాన్నా, ఎందుకు పోయిందో నాకు తెలుసు, మళ్లీ చేస్తే పోదు" అంది. నెల రోజులైంది, అది ఇంకా ఆ ఐదో రౌండు దగ్గరే ఉంది.

తెలిసినాయన దగ్గర పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ కాగితం ఒకటి తెచ్చినా. దాని మీది వలయాలన్నీ కలిపి నాలుగున్నర సెంటీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఇట్లాంటివాటి మీద అరవై గుళ్లు కాల్చాలంట. అమ్మ వరండాలో దుప్పటి కుడుతోంది. ఏమీ చెప్పకుండా పక్కన పెట్టినా. కాసేపు పట్టించుకోలేదు. తర్వాత కళ్లజోడు సర్దుకొని, కాగితం ఎత్తి వెలుతురుకు పెట్టింది.

"ఈ చుక్కనా?"

"ఆ చుక్కే."

"సూది బెజ్జం కంటే చిన్నగా ఉండాది. దీన్ని పిల్ల అంత దూరం నుంచి కొడతాదా?"

"నేర్చుకుంటే కొడుతుంది."

మళ్లీ దుప్పటి మీదికి వంగింది. రెండు కుట్లు వేసినాక, "మనిషి బొమ్మ ఏమీ లేదే దీని మీద" అంది. సరే అనలేదు, వద్దనీ అనలేదు. రాత్రి అన్నం తిన్నది. కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు, కుట్టు డబ్బాలో పెట్టుకుంది.

సజ్జరొట్టె:
నేనింకా ఒప్పుకోలేదు. ఇంకో కాగితం దొరికితే ఫోటో తీసి పెట్టన్నా, పక్కన రూపాయి బిళ్ల ఉంచి.