చమురును జాతీయం చేసుకున్న దేశాలు బాగుపడ్డాయా?

ఏటిగట్టు (చర్చ ప్రారంభం):

పోయిన వారం వేరే చర్చలో ఒకరు "విదేశీ చమురు కంపెనీలను వెళ్లగొట్టి సొంత సంస్థ పెట్టుకున్న దేశాలే నిలబడ్డాయి" అని రాశారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. దాని మీద విడిగా మాట్లాడుకుందామని ఇక్కడ మొదలుపెడుతున్నాను.

వెనెజువెలా 1976 జనవరి 1న చమురు పరిశ్రమను జాతీయం చేసి పీడీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థను నెలకొల్పింది. 1990ల చివరికి అక్కడ రోజుకు 30 లక్షల పీపాలకు పైగా తీసేవారు. 2020 మధ్యకు వచ్చేసరికి అది 5 లక్షల లోపుకు పడిపోయింది. కాళ్ల కింద అంత చమురున్న దేశంలో జనం పెట్రోలు కోసం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు.

మెక్సికో కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1938 మార్చి 18న అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ విదేశీ కంపెనీల ఆస్తులను స్వాధీనం చేసుకున్నాడు. వాటికి పరిహారం కట్టడానికి రాజధానిలో ఆడవాళ్లు వరసకట్టి నగలు, కోళ్లు కూడా తెచ్చి ఇచ్చారు. పేదింటి ఆడమనిషి తన కోడిని దేశానికి ఇచ్చిందంటే ఎంత నమ్మకం ఉండాలి! ఆ నమ్మకం మీద లేచిన ప్రభుత్వ సంస్థ పెమెక్స్ నేడు ప్రపంచంలో అత్యధిక అప్పుల్లో ఉన్న చమురు సంస్థల్లో ఒకటి.

నేను చెప్పేది ఇదే. చమురు ప్రజలదే, కాదనను. దాన్ని తవ్వి తీసే పని మాత్రం ప్రభుత్వానిది కాదు. తెలిసినవాళ్లతో తీయించి, పన్ను గట్టిగా రాబట్టుకుంటే చాలు.

పాతపద్దు:

ఏటిగట్టు గారూ, "పన్ను గట్టిగా రాబట్టుకోవడం" అన్నారు. ఇరాన్ సరిగ్గా అదే చేయబోయి యాభై ఏళ్లు ఓడిపోయింది. ఈ చర్చకు అసలు మొదలు అక్కడుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1901లో విలియం నాక్స్ డార్సీ అనే ఆంగ్లేయ వ్యాపారి పర్షియా (నేటి ఇరాన్) రాజు దగ్గర 60 ఏళ్లకు చమురు హక్కు రాయించుకున్నాడు. దేశానికి దక్కేది నికర లాభంలో 16 శాతం. నికర లాభం ఎంతో తేల్చేది ఎవరు? కంపెనీయే. 1908లో మస్జిదే సులేమాన్ దగ్గర చమురు పడింది. 1914లో బ్రిటన్ ప్రభుత్వమే ఆ కంపెనీలో సగానికి పైగా వాటా కొన్నది. ఈ విషయం చాలామంది మరిచిపోతారు. ఇరాన్ తలపడిన ఆ "ప్రైవేటు కంపెనీ" నిజానికి ఇంకో దేశపు ప్రభుత్వ సంస్థే! అంటే ప్రభుత్వం చమురు వ్యాపారం చేయకూడదన్న నీతి ఇరాన్‌కే తప్ప బ్రిటన్‌కు వర్తించలేదు.

1940ల చివరికి ఆ కంపెనీ బ్రిటన్ ఖజానాకు కట్టే పన్ను, ఇరాన్‌కు ఇచ్చే వాటాను మించిపోయింది. ఇరాన్ పదేపదే అడిగిన వాటిలో ఒకటి మీ లెక్కల పుస్తకాలు మమ్మల్ని చూడనివ్వండి అన్నది. చూడనివ్వలేదు. అబాదాన్‌లో ఉన్నది అప్పటికి ప్రపంచంలోనే అతిపెద్ద రిఫైనరీ. దాని పక్కనే ఇరాన్ కూలీలు నీళ్లూ కరెంటూ లేని గుడిసెల్లో బతికారు. 1950 డిసెంబరులో సౌదీ అరేబియాలో అమెరికన్ కంపెనీలు చెరిసగం పంపకానికి ఒప్పుకున్నాయి. ఆ పాటి ఔదార్యాన్ని బ్రిటిష్ కంపెనీ వేళకు చూపి ఉంటే కథ వేరేగా నడిచేది. 1951 మార్చిలో ఇరాన్ పార్లమెంటు జాతీయీకరణకు ఓటు వేసింది. ఆపైన బ్రిటన్ నౌకల దిగ్బంధం, 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి నడిపించిన కుట్ర, ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్ పతనం అందరికీ తెలిసినవే. 1954లో కంపెనీల కూటమి తిరిగి వచ్చి సగం లాభం ఇస్తామన్నది. పుస్తకాలు మాత్రం ఇరాన్ ఆడిటర్లకు చూపించబోమన్నది.

పద్దు చూడనివ్వని వాడి దగ్గర పన్ను ఎలా రాబడతారు? మీ సలహా ఆచరణలో ఎక్కడ నిలుస్తుందో చెప్పండి.

ఏటిగట్టు:

ఇరాన్‌కు జరిగింది అన్యాయమే. దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ అన్యాయం జరిగింది కాబట్టి ఎంచుకున్న మందు సరైనదే అనుకోవడం ఎలా? 2002 డిసెంబరులో వెనెజువెలా చమురు ఉద్యోగులు సమ్మెకు దిగారు. అది ప్రభుత్వాన్ని దింపడానికి చేసిన రాజకీయ సమ్మే, ఒప్పుకుంటాను. అది విరిగాక చావెస్ ప్రభుత్వం దాదాపు 18 వేల మందిని తీసేసింది. వాళ్లలో ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు, ఇరవై ఏళ్లుగా ఒకే బావి స్వభావం తెలిసినవాళ్లు ఉన్నారు. ఒక విదేశీ కంపెనీ మంత్రిగారి కోపానికి అంతమందిని పంపించేదా? అమెరికా ఆంక్షల మాట ఎత్తుతారని తెలుసు. చమురు మీద ఆంక్షలు వచ్చింది 2019 జనవరిలో. అప్పటికే ఉత్పత్తి సగానికి పైగా పడిపోయింది.

తూర్పుతీరం:

నేను పదకొండేళ్లుగా దమ్మాం దగ్గర ఒక కాంట్రాక్టు సంస్థలో పైపులైను పనుల పర్యవేక్షకుడిగా ఉన్నాను. మీరిద్దరూ సౌదీని దాటిపోతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అక్కడ అమెరికన్ కంపెనీలు నడిపిన చమురు సంస్థ అరాంకోను సౌదీ ఒక్క దెబ్బకు లాక్కోలేదు. 1973లో 25 శాతం, మరుసటి ఏడాది 60 శాతం, 1980కి మొత్తం కొనుక్కుంది. అమెరికన్లను తరమలేదు. వాళ్ల దగ్గరే పని నేర్చుకుంది. 1947లో ఆఫీసు కుర్రాడిగా చేరిన అలీ అల్ నైమీని కంపెనీయే చదివించింది. 1984లో ఆయన ఆ కంపెనీకి మొదటి సౌదీ అధ్యక్షుడయ్యాడు. ఇక్కడ భద్రతా నియమాలు ఎంత కచ్చితమంటే అనుమతి పత్రం మీద ఒక సంతకం తక్కువైతే రోజంతా పని ఆగుతుంది. ప్రభుత్వ సంస్థ అంటే అలసత్వం అనుకోవద్దు.

అయితే పాతపద్దు గారు అడిగిన లెక్కల మాటకు ఇక్కడా మంచి జవాబు లేదు. అరాంకో లాభమెంతో బయటి ప్రపంచానికి తెలిసింది 2019 ఏప్రిల్‌లో బాండ్లు అమ్మబోయినప్పుడు. 2018 నికర లాభం 111 బిలియన్ డాలర్లని అప్పుడు బయటపడింది. దశాబ్దాల పాటు సొంత పౌరులకే ఆ అంకె తెలియదు. ఇంకొక మాట కూడా ఉంది. ఈ చమురు మీద చెమట కార్చేవాళ్లలో జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. కిందటేడాది మా కాంట్రాక్టరు మూడు నెలలు జీతాలు ఆపితే, మా గదిలో ఒకతను చెల్లెలి పెళ్లికి వడ్డీకి తెచ్చి పంపాడు. చమురు ఎవరిదన్న చర్చలో ఆ మనిషి ఊసే రాదు. నాకు అది మనసులో మెదులుతూ ఉంటుంది.

నల్లరేగడి:

నైజీరియాను చూడండి. ఒగోని ప్రాంతంలో చమురు కారి పొలాలు, వాగులు పాడైతే అందరూ విదేశీ కంపెనీ షెల్‌నే తిట్టారు. తిట్టవలసిందే. కానీ అక్కడ షెల్ నడిపిన ఉమ్మడి వ్యాపారంలో 55 శాతం వాటా నైజీరియా ప్రభుత్వ సంస్థ ఎన్ఎన్‌పీసీది. తమ నేల కోసం పోరాడిన కెన్ సారో వివాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న ఉరి తీసింది కూడా సొంత ప్రభుత్వమే. ఆ నేలను పూర్తిగా శుభ్రం చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011లో చెప్పింది.

లెక్కల విషయానికొస్తే, చమురు డబ్బులో 20 బిలియన్ డాలర్ల దాకా ఖజానాకు చేరలేదని 2014 ఫిబ్రవరిలో ఆ దేశ కేంద్ర బ్యాంకు గవర్నరు లామిదో సనూసీ అడిగాడు. అదే నెలలో ఆయన్ని పదవి నుంచి తప్పించారు. 1977లో పుట్టిన ఎన్ఎన్‌పీసీ తన ఆడిట్ లెక్కలను మొదటిసారి బయటపెట్టింది 2020లో. ఇరాన్‌కు పరాయి కంపెనీ చూపని పుస్తకాలను నైజీరియన్లకు సొంత కంపెనీ చూపలేదు.

పాతపద్దు:

నల్లరేగడి గారు నా వాదననే నా మీదికి తిప్పారు, న్యాయంగానే తిప్పారు. జాతీయం చేస్తే పుస్తకాలు తెరుచుకుంటాయని నేను మనసులో అనుకుంటూ వచ్చాను. అవి వాటంతట అవి తెరుచుకోవు. ఆ భాగం వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఏటిగట్టు గారి "పన్ను చాలు" అన్న మాటతో ఏకీభవించలేను. నార్వేలో 1969 చివర్లో ఎకోఫిస్క్ దగ్గర చమురు కనుక్కున్నది అమెరికన్ కంపెనీ ఫిలిప్స్. నార్వే దాన్ని పొమ్మనలేదు, అలాగని పన్ను కట్టించుకుని ఊరుకోలేదు. 1972లో ప్రభుత్వ చమురు సంస్థ స్టాట్‌ఆయిల్‌ను, దాని మీద కూడా అజమాయిషీ చేసే పెట్రోలియం డైరెక్టరేట్‌ను ఒకే ఏడాది పెట్టింది. తవ్వేవాడు వేరు, కొలిచేవాడు వేరు. ఆ ఏర్పాటుకు రూపమిచ్చిన వాళ్లలో ఫారూక్ అల్ కాసిమ్ ఒకడు. ఇరాక్‌లో పుట్టిన భూగర్భ శాస్త్రవేత్త. పరాయి కంపెనీలు తన దేశాన్ని ఎలా నడిపాయో దగ్గరుండి చూసినవాడు.

ఏటిగట్టు:

నార్వే ఉదాహరణకు నా అభ్యంతరం పాతదే. చమురు పడేనాటికే అక్కడ నిజాయితీగల అధికార యంత్రాంగం, ఓడల వ్యాపారం, పత్రికలు ఉన్నాయి. నైజీరియాలోని లాగోస్‌లో ఒక డైరెక్టరేట్ బోర్డు తగిలిస్తే అది నార్వే చమురు నగరం స్టావాంగర్ అయిపోదు.

కానీ ఒక చోట నా మాట సవరించుకోవాలి. మీరు రాశాక స్టాట్‌ఫ్యోర్డ్ క్షేత్రం గురించి చదివాను. 1973లో దాన్ని నడిపే బాధ్యత అమెరికన్ కంపెనీ మొబిల్‌కు ఇచ్చారు, సగం వాటా స్టాట్‌ఆయిల్‌కు. నార్వే వాళ్లు పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. 1987 జనవరిలో నడిపే బాధ్యత మొబిల్ నుంచి స్టాట్‌ఆయిల్‌కు మారింది. పన్ను ఒక్కటే వసూలు చేసుకుని ఉంటే ఆ విద్య నార్వేకు దక్కేది కాదు. మొబిల్‌కు కష్టమనిపించినా ఒప్పందంలో రాసుకున్నట్టు అప్పగించింది. పద్నాలుగేళ్లు సరిపోయాయి. అబాదాన్‌లో బ్రిటిష్ కంపెనీకి నలభై ఏళ్లకు పైగా దొరికాయి, పెద్ద ఇంజనీరు కుర్చీల్లో ఇరానీలను కూర్చోబెట్టడానికి అవి సరిపోలేదు. అందుకే 1951లో వాళ్లు వెళ్లిపోయాక రిఫైనరీ ఎవరు నడుపుతారన్న ప్రశ్న మొసాద్దెగ్ మెడకు చుట్టుకుంది. ఈ ఒక్క విషయంలో పాతపద్దు గారి వైపే నేనున్నాను. వెనెజువెలా విషయంలో మాత్రం కదలను. ఆ 18 వేల మందిని పంపేసింది పరాయివాళ్లు కాదు.