పెట్టె దాచింది మార్చిలో, లిస్టింగ్‌లో మే తేదీ వేయొచ్చా?

తెనాలి_అమ్మాయి (బోథెల్, వాషింగ్టన్)

నాన్న ఈసారి ఆర్నెల్లు మా దగ్గరే ఉన్నారు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లో కూర్చోబెడితే ఉండలేరు. అందుకని శని ఆదివారాలు నాతో జియోకాషింగ్‌కి తీసుకెళ్ళేదాన్ని, అంటే ఎవరో దాచిన పెట్టెని ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతికే ఆట. ఆ పెట్టెని 'క్యాష్' అంటాం, మొదట్లో ఆయన డబ్బు అనుకున్నారు. నాలుగో పెట్టె దొరికేసరికి ఫోన్ ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళేలోపు మనమూ ఒకటి దాచుదాం అన్నారు. ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ 161 మీటర్ల ఎడం ఉండాలని చెప్తే, ఒక్క క్షణం ఆగి "మైలులో పదోవంతు. సరిగ్గా ఎనిమిది గొలుసులు" అన్నారు. 66 అడుగుల గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన రోజుల గురించి ఆ సాయంత్రమంతా చెప్తూనే ఉన్నారు. పార్కు వాళ్ళ అనుమతి తీసుకుని, మార్చి 14 శనివారం, సమామిష్ నది బాట పక్కన ఒక సెడార్ చెట్టు మొదట్లో పెట్టాం. కోఆర్డినేట్లు ఒక్కసారి చూసి ఊరుకోలేదు. మూడు రోజులు వెళ్ళి రీడింగులు రాసుకుని సగటు కట్టారు. పెట్టె దొరికినవాళ్ళు పేరు రాసే లాగ్‌బుక్ మొదటి పేజీలో తేదీ వేసి తెలుగులో సంతకం పెట్టారు.

ఏప్రిల్ మొదట్లో తెనాలి వెళ్ళిపోయారు. మే 24న ఆయనకి డెబ్బై నిండుతాయి. జియోకాషింగ్ సైటులో మా పెట్టె పేజీ, అదే లిస్టింగ్, ఆ రోజే రావాలని, దాచిన తేదీ దగ్గర 2026 మే 24 వేసి పంపాను. ఈ తేదీ ఇంకా రాలేదు, పెట్టె అక్కడ ఉన్నట్టా లేనట్టా అని అడుగుతూ, పేజీని చూసి పబ్లిష్ చేసే రివ్యూయర్ వెనక్కి పంపారు. ఈవెంట్లకి రాబోయే తేదీలే కనిపిస్తాయి కదా, మరి నాదెందుకు ఆగింది? ఆ రోజే రావాలంటే ఏం చేయాలి?

వానలో_నడక (పోర్ట్‌లాండ్)

ఈవెంట్‌లో ఆ తేదీకి అర్థం వేరండీ. అది జనం కలుసుకునే రోజు, కాబట్టి ముందుదే అయ్యుండాలి. కనీసం రెండు వారాల ముందు పంపాలి, మామూలు ఈవెంట్ అయితే మూడు నెలలకంటే ముందు వేయరు. పెట్టెకి అలా కాదు. రివ్యూకి పంపేసరికే అది అక్కడ, వెతికితే దొరికేలా ఉండాలి. దాచిన తేదీ అంటే చెయ్యి పెట్టిన రోజు, లిస్టింగ్ వచ్చిన రోజు కాదు. కాన్సాస్‌లోని 'మింగో' అనే పెట్టె చూడండి. దాచింది 2000 మే 11న. జియోకాషింగ్ సైటు మొదలైంది ఆ ఏడాది సెప్టెంబర్ 2న. సైటు పుట్టకముందు తేదీ ఆ పేజీ మీద ఉంది, ఎందుకంటే పెట్టె అప్పుడు పెట్టారు.

మీరు మే 24 వేస్తే ఆ పేజీ చూసినవాళ్ళకి మీ నాన్నగారు అక్కడ లేనట్టే. సెడార్ మొదట్లో ఆయన వంగి పెట్టింది మార్చి 14న. లాగ్‌బుక్‌లో ఆయన రాసిన తేదీ కూడా అదే. దాన్ని మార్చకండి, దయచేసి. పుట్టినరోజు సంగతి రివ్యూయర్‌కి రాసే నోట్‌లో పెట్టండి: ఫలానా రోజు, ఫలానా గంటకి పబ్లిష్ చేయగలరా అని. వాళ్ళు జీతాలకి చేసేవాళ్ళు కాదు, వాలంటీర్లు. కచ్చితంగా అవుతుందని మాటివ్వలేరు గానీ, ముందుగా అడిగితే చేతనైనంత చూస్తారు. నాకు రెండుసార్లు చేసిపెట్టారు.

గోదారి_గట్టు (ఫ్రాంక్‌ఫర్ట్)

అక్కా, గంట రాసేటప్పుడు జాగ్రత్త. మే నెలలో మీకూ తెనాలికీ పన్నెండున్నర గంటల తేడా. మీకు 24 పొద్దున లిస్టింగ్ వస్తే నాన్నగారికి అప్పటికే రాత్రి. ఆయన ఉదయం ఏడింటికి కాఫీ తాగుతూ చూడాలంటే మీకు 23వ తేదీ, శనివారం సాయంత్రం ఆరున్నర. నోట్‌లో 'సియాటిల్ టైం' అని కూడా రాయండి. పైగా అది మీకు మెమోరియల్ డే సెలవుల వారాంతం, రివ్యూయర్ ఊళ్ళో ఉండకపోవచ్చు. ఇప్పుడే అడిగేయండి.

ఇంకోటి. మార్చి నుంచి మే దాకా మీ వానల్లో పెట్టె ఎవరూ తెరవకుండా ఉంటుంది. వారం ముందు ఒకసారి మూత తీసి చూడండి. నేను చూడకుండా పబ్లిష్ చేయిస్తే, మొదట చేరినాయనకి దొరికింది ముద్దైపోయిన కాగితం. పాపం, అరవై కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చాడు.

తెనాలి_అమ్మాయి (బోథెల్, వాషింగ్టన్)

ఇద్దరికీ చాలా థాంక్స్. తేదీ మార్చి 14కి మార్చేశాను. 23 సాయంత్రం ఆరున్నర, సియాటిల్ టైం అని నోట్ రాశాను. రివ్యూయర్ "గుర్తు పెట్టుకుంటాను, కానీ పది రోజుల ముందు మళ్ళీ ఒక నోట్ వేయండి" అన్నారు.

పుట్టినరోజు సంగతి నాన్నకి చెప్పలేదు. రాత్రి ఫోన్‌లో ఆయనే అడిగారు, పెట్టెలోకి నీళ్ళు వెళ్ళలేదు కదా అని. శనివారం వెళ్ళి చూసొస్తాను.